రెక్క తొడిగిన పలక

విద్యాభ్యాసానికి వయోనియమం లేదని పెద్దలంటారు. అనడం తేలిక, ఆచరించడం కష్టం. ఏమీ రానివాడు కొత్త విద్యకు పూనుకోవడం ఒక ఎత్తు. ఒక విద్యలో ఆరితేరినవాడు దాని పక్కనే ఉన్న మరొక విద్య ముందు ఓనమాల దశకు దిగిరావడం మరొక ఎత్తు. మొదటివానికి అడ్డుపడేది తెలియనితనం. రెండవవానికి అడ్డుపడేది తెలిసినతనం. పసిఫిక్ మహాసముద్రం నడుమ, హవాయి దీవులలో ఒకటైన మావీలో, యాభై ఏళ్ళు దాటిన ఒక గణితోపాధ్యాయురాలికి ఒక వేసవిలో ఈ రెండవ కష్టం ఎదురైంది. ఆమె చేత మళ్ళీ పలక పట్టించిన గురువు, పదేళ్ళ క్రితం ఆమె వద్దనే బీజగణితం నేర్చుకోలేక తల వంచుకొని నిలబడిన విద్యార్థి.

మావీ దీవి నడుమ సన్నని మైదానం, దానికి ఇరుపక్కలా రెండు పర్వతాలు ఉంటాయి. తూర్పున హలెయకలా అనే అగ్నిపర్వతం సముద్రమట్టానికి 3,055 మీటర్ల ఎత్తున నిలిచి ఉంటుంది. ఈశాన్యం నుంచి వీచే వాణిజ్య పవనాలు ఆ రెండు కొండల నడుమ ఇరుక్కొని, గొంతులో పడ్డ గాలిలాగ వేగం పుంజుకుంటాయి. అందుచేత దక్షిణ తీరంలోని కిహేయ్ పట్టణం ముందు సముద్రం తెల్లవారుజామున అద్దంలాగ ఉండి, పొద్దెక్కేకొద్దీ నురగలు కక్కడం మొదలుపెడుతుంది. ఆమె పన్నెండేళ్ళుగా ఆ అద్దం పగలకముందే నీటిలోకి దిగేది. పాఠశాల ఉన్న రోజులలో అరగంట, సెలవులలో రెండు గంటలు. చలికాలంలో దూరాన మూపురపు తిమింగిలాలు నీటిపైకి లేచి పడుతుంటే చప్పుడు ఆలస్యంగా వచ్చి చెవిని తాకేది. పలక కిందుగా ఆకుపచ్చ తాబేళ్ళు తొందర లేకుండా సాగిపోయేవి. ఆ వేళ ఆమె ఎవరికీ ఏదీ నేర్పనవసరం లేదు, ఎవరి వద్దా ఏదీ నేర్చుకోనవసరం లేదు.

ఆమెకు అలవాటైన విద్య స్టాండప్ పాడిల్ బోర్డింగ్, అనగా వెడల్పాటి పలకపై నిలబడి పొడవాటి తెడ్డుతో నీటిని వెనక్కు తోస్తూ ముందుకు సాగడం. ఆ పలక సుమారు 3.2 మీటర్ల పొడవు, 80 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. తెడ్డు మనిషి ఎత్తు కంటె జానెడు మించి ఉంటుంది. పాదాలను భుజాలంత ఎడంగా, పక్కపక్కన నిలపాలి. మోకాళ్ళు కొద్దిగా వంగాలి, చూపు దిగంతంపై ఉండాలి. మొదటిరోజు కాళ్ళు వణుకుతాయి. పాదాల వంక చూసినవారు పడతారు, దూరంగా చూసినవారు నిలుస్తారు. చాలామంది ఒకటి రెండు గంటలలోనే నిలబడి పది బారలు సాగగలుగుతారు. ఇందులోని భౌతిక సూత్రం పాతది: తాను పక్కకు తోసిన నీటి బరువుకు సమానమైన బలం పలకను పైకి మోస్తుంది. కదిలినా, కదలక నిలిచినా నీరు తన మాట తప్పదు. ఆ నమ్మకమే ఈ విద్యకు పునాది.

ఈ విధంగా నిలబడి తెడ్డు వేయడం హవాయి తీరానికి కొత్త కాదు. అలలపై స్వారీ చేయడం ఆ దీవులలో ఎంతో ప్రాచీనమైన విద్య. 1779లో కెప్టెన్ కుక్ నౌకాయాత్రలో పాల్గొన్న జేమ్స్ కింగ్ దానిని చూసి వివరంగా రాసిపెట్టాడు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఈతలో స్వర్ణపతకం గెలిచిన డ్యూక్ కహనమోకు ఆ విద్యను దేశదేశాలకు పరిచయం చేశాడు. ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలంలో వైకీకీ తీరంలో యాత్రికులకు సర్ఫింగ్ నేర్పే స్థానికులు కొందరు, శిష్యులను కనిపెట్టుకొని ఉండడానికీ, వారి ఛాయాచిత్రాలు తీయడానికీ పలకలపై నిలబడి తెడ్డు వేసేవారు. మరుగున పడిన ఆ అలవాటుకు 2000ల ఆరంభంలో లెయర్డ్ హామిల్టన్, డేవ్ కలామా వంటివారు మళ్ళీ ప్రాణం పోశారు. మన తీరానికీ ఇది పూర్తిగా పరాయి దృశ్యం కాదు. ఉత్తరాంధ్ర మత్స్యకారులు దుంగలను తాళ్ళతో బిగించి కట్టిన తెప్పలపై మోకాళ్ళ మీద కూర్చుని, అవసరమైనప్పుడు లేచి నిలబడి తెడ్డు వేస్తూ అలలను దాటినవారే. అది జీవనోపాధి, ఇది వినోదం. అయినా తెడ్డుకూ నీటికీ నడుమ ఉన్న ఒడంబడిక రెండు చోట్లా ఒకటే.

ఒక జూన్ నెల ఉదయాన ఆమె ఎప్పటిలాగే తీరానికి సమాంతరంగా సాగుతుండగా, ఒక యువకుడు ఆమెను దాటిపోయాడు. అతని పలక నీటిని తాకడం లేదు. నీటికి మూరెడు ఎత్తున గాలిలో తేలుతూ, చప్పుడు లేకుండా, ఇంకా విరగని చిన్న అలవాలుపై పక్షిలాగ జారిపోతున్నాడు. ఆమె తెడ్డు ఆగింది. అతడు దూరాన మలుపు తిరిగి, ఆమెను గుర్తుపట్టి, పలకను నీటిపైకి దించి చేయెత్తాడు. ఆ దీవులలో పిల్లలు పెద్దలందరినీ ఆంటీ అనీ, అంకుల్ అనీ పిలుస్తారు. అది మన వాడుకకు దగ్గరి సంప్రదాయమే. అయితే అతడు ఆమెను పాఠశాలలో పిలిచిన పిలుపుతోనే పిలిచాడు.

"బాగున్నారా మిస్? మీరింకా ఈ తెడ్డు వదల్లేదా?"

"నువ్వు లెక్కలు వదిలేసినట్టు నేను తెడ్డు వదలాలా?" అన్నది ఆమె నవ్వుతూ. అతడూ నవ్వాడు. కాని ఆ నవ్వు ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యాన్ని ఆమె అప్పుడు పట్టించుకోలేదు.

అతడు స్వారీ చేస్తున్నది హైడ్రోఫాయిల్ పలక. పలక అడుగుభాగాన ఒక నిలువు స్తంభం, దాని కొసకు విమానపు వెన్నువంటి చిన్న కమ్మి, ఆ కమ్మికి ముందువైపు పెద్ద రెక్క, వెనుకవైపు చిన్న తోకరెక్క బిగించి ఉంటాయి. విమానపు రెక్క గాలిలో చేసే పనినే ఈ రెక్క నీటిలో చేస్తుంది. నీరు గాలి కంటె దాదాపు 800 రెట్లు సాంద్రమైనది కనుక, చిన్న రెక్క, కొద్దిపాటి వేగం మనిషిని పైకెత్తడానికి చాలు. పలక నీటిని విడిచిన మరుక్షణం నీటి రాపిడి చాలావరకు తొలగిపోతుంది. అందుచేతనే సామాన్యమైన సర్ఫింగ్ పలకను కదిలించలేని బలహీనమైన అల కూడా ఫాయిల్ పలకను మోసుకుపోగలదు.

ఈ ఊహ కూడా నిన్నటిది కాదు. 1906లో ఇటలీకి చెందిన ఎన్రికో ఫోర్లానీనీ మజోరె సరస్సుపై రెక్కల పడవను నడిపాడు. టెలిఫోన్ సృష్టికర్తగా లోకానికి తెలిసిన అలెగ్జాండర్ గ్రాహంబెల్, అతని సహచరుడు కేసీ బాల్డ్విన్ కెనడాలో నిర్మించిన హెచ్.డి.-4 అనే పడవ, 1919 సెప్టెంబర్ 9న గంటకు 70.86 మైళ్ళ, అనగా దాదాపు 114 కిలోమీటర్ల వేగంతో నీటిపై పరుగెత్తి రికార్డు నెలకొల్పింది. 2000ల ఆరంభంలో లెయర్డ్ హామిల్టన్, అతని మిత్రులు మంచుపై జారేవారు తొడుక్కునే బూట్లను పలకకు బిగించుకొని, రెక్కల సాయంతో హవాయిలోని పెద్ద అలలపై సాహసం చేశారు. 2016లో మావీ వాసియైన కై లెనీ, కాళ్ళకు ఏ బంధమూ లేకుండా, తెడ్డు చేతబట్టి ఫాయిల్ పలకపై సముద్రపు అలవాలు మీద సాగిపోయిన దృశ్యాలు లోకమంతటా వ్యాపించాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తెరచాపల పోటీలలో సైతం ఫాయిల్ పలకలకు చోటు లభించింది. ఇంత చరిత్ర ఆ ఉదయాన ఆమెకు తెలియదు. నీటిపై పన్నెండేళ్ళు గడిపిన తనకు ఇది కష్టం కాదని మాత్రం తోచింది.

"నాకు నేర్పుతావా?" అని అడిగింది.

అతడు వెంటనే జవాబివ్వలేదు. "నేర్పుతాను మిస్. కాని మీకు వచ్చినది కొంత మరిచిపోవాలి" అన్నాడు.

జులై మొదటివారంలో అభ్యాసం మొదలైంది. మొదటి పాఠం ఇసుకపైనే జరిగింది. అతడు పలకను తలకిందులుగా పెట్టి, రెక్క అంచులపై ఆమె వేలిని నడిపించాడు. ఆ అంచులు వంటింటి కత్తంత కాకపోయినా, ఒంటిని కోయడానికి చాలినంత పదునుగా ఉన్నాయి. తలకు హెల్మెట్, ఒంటికి దెబ్బలు తగలకుండా దళసరి జాకెట్ తప్పనిసరి అన్నాడు. "జనం ఈదే చోట, ఇతరులు సర్ఫింగ్ చేసే చోట ఈ పలక దింపకూడదు. పడబోతున్నారని తెలిసిన క్షణాన పలకను కాపాడుకోవాలని చూడకండి. వదిలేసి పక్కకు దూకండి. ఈ పలకతో స్నేహం నిలబడేది అది కదులుతున్నంతసేపే" అని మూడుసార్లు చెప్పాడు. విన్నాను అన్నట్లు ఆమె మూడుసార్లు తలూపింది. తరగతిలో పిల్లలు అలాగే తలూపుతారని ఆమెకు అప్పుడు గుర్తు రాలేదు.

తొలి పాఠాలకు అల అక్కరలేదు. అల ఒకవంక, రెక్క ఒకవంక కొత్తవానిని ఒకేసారి పరీక్షిస్తే రెండింటిలోనూ తప్పుతాడు. అందుకని చిన్న మోటారు పడవ వెనుక తాడు కట్టి, నిశ్చలమైన లోతు నీటిలో, గంటకు 15 కిలోమీటర్ల పరిసరాలలో లాగుతూ నేర్పుతారు. మొదటి నియమం ఎగరడం కాదు, ఎగరకుండా ఉండడం. ముందుకాలిపై బరువు వేసి పలకను నీటికే అంటిపెట్టి సాగాలి. అది కుదిరిన తరువాత బరువును వెంట్రుకవాసి వెనక్కు జరపాలి. పలక లేస్తుంది. లేచిన వెంటనే మళ్ళీ ముందుకు వాలి దించాలి. లేవడం, దిగడం అనే ఈ రెండక్షరాలే మొదటి పలకపాఠం.

ఆ రెండక్షరాలు ఆమెకు రాలేదు. పడవ కదిలింది, ఆమె నిలబడింది, పలక లేచింది. లేవగానే ఆమె కాళ్ళు పన్నెండేళ్ళ అలవాటు ప్రకారం ప్రవర్తించాయి. తెడ్డుపలకపై ముందు కొన మునిగిపోతుంటే వెనుకకు అడుగువేసి తోకపై బరువు మోపడం రక్షణ. ఫాయిల్ పలకపై అదే ప్రమాదం. వెనుకకాలు నొక్కితే రెక్క కోణం పెరుగుతుంది, పలక గుర్రంలాగ ముందుకాళ్ళెత్తుతుంది. రెక్క నీటిని చీల్చుకొని పైకి వస్తుంది. గాలి సోకిన రెక్కకు మోసే శక్తి ఉండదు. క్షణం క్రితం ఆకాశంలో ఉన్నవాడు మరుక్షణం నీటిలో ఉంటాడు. ఆమె ఒకటి కాదు, రెండు కాదు, ఆ ఉదయాన పందొమ్మిది సార్లు పడింది. పడిన ప్రతిసారీ అతడు పడవను మెల్లగా తిప్పి దగ్గరకు తెచ్చి, ఒకే ప్రశ్న అడిగేవాడు: "ఎక్కడిదాకా బాగుంది మిస్?"

ఆ సాయంత్రం ఆమె కాగితం, పెన్సిలు తీసుకొని కూర్చుంది. రెక్క మోసే బలం వేగపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. పడవ గంటకు 14 కిలోమీటర్ల నుంచి 16 కిలోమీటర్లకు పెరిగితే, కోణం మారకుండా ఉంటే, మోసే బలం 30 శాతానికి పైగా పెరుగుతుంది. మనిషి, పలక కలిసి 70 కిలోల బరువనుకుంటే, ఆ రెండు కిలోమీటర్ల తేడాతోనే మరో 21 కిలోలు మోయగల బలం పాదాల కింద పుడుతుంది. దానిని ముందుకాలితో అణచకపోతే పలక లేచిపోకుండా ఎలా ఉంటుంది? లెక్క సరిగా ఉంది. పాతికేళ్ళుగా ఆమె నల్లబల్లపై గీసిన వక్రరేఖ అదే. కాని మరునాడు పడవ వెనుక నిలబడినప్పుడు ఆ లెక్క తలలోనే ఉండిపోయింది, మడమ దాకా దిగలేదు. సూత్రం తెలిసిన బుద్ధికీ, అది తెలియని కాలికీ నడుమ ఎంత దూరం ఉంటుందో ఆమెకు మొదటిసారిగా అర్థమైంది.

నాలుగవ పాఠంలో ప్రమాదం జరిగింది. ఆనాడు పలక నీటిపైన నాలుగైదు క్షణాలు నిలకడగా తేలింది. ఆ సంతోషంలో ఆమె కిందికి చూసింది. పలక పక్కకు ఒరిగింది. తెడ్డుపలకపై అయితే ఒరిగినవైపు తెడ్డును నీటిపై ఆనించి నిలదొక్కుకోవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. అలాగే ఇక్కడా ఒరిగినవైపే వంగి, పలకను నిలబెట్టాలని చూసింది. దూకవలసిన క్షణం దాటిపోయింది. పలక బోర్లా పడింది, తిరగబడిన రెక్క అంచు ఆమె మోకాలి కింద ఎముకపై కోసింది. ఆసుపత్రిలో ఏడు కుట్లు పడ్డాయి. రెండు వారాలు నీటిలో దిగవద్దని వైద్యులు చెప్పారు.

ఆ రెండు వారాలూ ఆమె వరండాలో కుర్చీ వేసుకొని, దూరాన కనిపించే కహోఒలావె దీవిని చూస్తూ గడిపింది. నొప్పి కంటె ఆమెను ఎక్కువ బాధించినది మరొకటి ఉంది. పందొమ్మిది సార్లు పడ్డా ఆ కుర్రవాడు ఒక్కసారీ విసుక్కోలేదు. విసుక్కోకపోవడం ఒక విద్య అనీ, అది అందరికీ రాదనీ తలచుకుంటున్నప్పుడు, మరిచిపోయిన ఒక మధ్యాహ్నం ఆమె కళ్ళముందుకు వచ్చింది. తొమ్మిదో తరగతి. నల్లబల్ల దగ్గర ఒక వర్గ సమీకరణం ముందు చాక్‌పీసు పట్టుకొని నిలబడిన పిల్లవాడు. మూడోసారి కూడా అదే తప్పు చేశాడు. వెనుక బెంచీలలో నవ్వులు. అప్పుడు ఆమె ఒక మాట అన్నది: "ఇంత తేలికైనది కూడా రాదా?" ఆ మాట అని ఆమె మరొక లెక్కకు వెళ్ళిపోయింది. ఆ పిల్లవాడు తన చోటికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ తరువాత ఆ ఏడాదంతా అతడు తరగతిలో చేయెత్తలేదు.

కుట్లు విప్పిన మూడోరోజున అతడు ఆమెను చూడడానికి ఇంటికి వచ్చాడు. ఇక మానేస్తాననే మాట చెప్పాలని ఆమె సిద్ధపడి ఉంది. తన వయస్సు, కాలు, పాఠశాల తెరిచే తేదీ, అన్ని కారణాలూ సిద్ధంగానే ఉన్నాయి. కాని నోటివెంట వేరే మాట వచ్చింది.

"నీకు గుర్తుందో లేదో, ఒకనాడు నిన్ను నల్లబల్ల దగ్గర ఒక మాట అన్నాను."

అతడు కాసేపు నేల చూశాడు. "గుర్తుంది మిస్. అందుకే నేను నేర్పేటప్పుడు ఎవరితోనూ ఆ మాట అనను."

అందులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉన్నట్లయితే ఆమెకు కొంత తేలికగా ఉండేది. క్షమించమని ఆమె అడిగింది. అతడు ఇబ్బందిగా నవ్వి, "మీకు తేలికగా ఉండేది కనుక అలా అన్నారు. నాకు ఫాయిల్ ఇప్పుడు తేలిక. నేర్చుకున్ననాడు ఎంత కష్టమైందో గుర్తుపెట్టుకోవడమే నా పనిలో కష్టం" అన్నాడు. వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి, "రేపు గాలి ఉండదు. ఆరున్నరకు పడవ దగ్గర ఉంటాను. మీ ఇష్టం" అన్నాడు.

మరునాడు ఆరుంబావుకే ఆమె అక్కడ ఉంది.

ఆ దినం నుంచి ఆమె ఒక పని చేసింది. ఎగరాలన్న కోరికను పక్కనబెట్టి, పాత విద్య తనకు ఎక్కడ తోడ్పడుతున్నదో, ఎక్కడ దారి తప్పిస్తున్నదో ఒక్కొక్కటిగా పరికించింది. తోడ్పడేవి తక్కువేమీ కావు. గాలి ఎటు తిరుగుతుందో నీటిపై ముడతలను బట్టి చెప్పగలగడం, అల వచ్చే ముందే దాని ఉద్దేశాన్ని పసిగట్టడం, మోకాళ్ళను బిగించకుండా ఉంచడం, చూపును దూరాన నిలపడం, పడ్డాక ఊపిరి చిక్కబట్టుకొని కంగారుపడకుండా పైకి రావడం, ఇవన్నీ తెడ్డు నేర్పిన ఆస్తి. దారి తప్పించేవి మూడే, కాని మూడూ వేళ్ళూనుకున్నవి. మొదటిది, పాదాలు పక్కపక్కన పెట్టాలనే అలవాటు. ఇక్కడ ఒకటి ముందు, ఒకటి వెనుక ఉండాలి. రెండవది, ప్రమాదం వస్తే వెనక్కు తగ్గాలనే అలవాటు. ఇక్కడ ముందుకు వాలాలి. మూడవది, అన్నింటికంటె లోతైనది: ఆగితే క్షేమం అనే విశ్వాసం. తెడ్డుపలకపై అలసిపోతే ఆగవచ్చు, కూర్చోవచ్చు, పడుకోవచ్చు. ఫాయిల్‌పై ఆగడం అంటే దిగిపోవడమే. అక్కడ నిలకడ వెడల్పు నుంచి రాదు, గమనం నుంచి వస్తుంది.

ఆ మూడు అలవాట్లనూ ఆమె మానలేదు. అవి మానితే తెల్లవారుజాము తెడ్డు విద్య పోతుంది. ఏ పలకపై ఏ అలవాటును ముందుకు పిలవాలో కాళ్ళకు నేర్పింది. ఒక భాషలో పండినవాడు మరొక భాష మాట్లాడేటప్పుడు తొలినాళ్ళలో తన భాషా వ్యాకరణమే నాలుకపై ఆడుతుంది. కొంతకాలానికి రెండూ దేని ఇంట్లో అది ఉండడం నేర్చుకుంటాయి. ఆమె కాళ్ళకూ అలాగే జరిగింది. ఒకనాడు పడవ వెనుక పలక లేచింది, మూరెడు ఎత్తున నిలిచింది, దిగింది, మళ్ళీ లేచింది. పలక అడుగున నీరు కొట్టుకునే చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు కలిగిన నిశ్శబ్దం ఆమెకు తెలియనిది. పన్నెండేళ్ళు ఆమె విన్న సముద్రం ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. ఇప్పుడు అది మాట ఆపి ఆమెను మోస్తున్నది. ఒడ్డుకు వచ్చాక అతడు ఎప్పటి ప్రశ్ననే అడిగాడు: "ఎక్కడిదాకా బాగుంది మిస్?" ఆమె వెంటనే చెప్పలేకపోయింది.

జులై చివరి రోజులలో, జనసంచారం లేని చోట, నడుమెత్తుకు మించని అలపై ఆమె తాడు లేకుండా తొలిసారి లేచింది. పది క్షణాలకు మించి నిలవలేదు. ఆ తీరంలోని యువకులు ఒక అలను విడిచి, కాళ్ళతో పలకను ఊగిస్తూ వేగం కూడగట్టుకొని, సముద్రంలోకి వెనుదిరిగి వెళ్ళి మరొక అలను అందుకుంటారు. మొలొకాయి నుంచి ఒవాహు వరకు దాదాపు 51 కిలోమీటర్ల జలసంధిని తెడ్డుపలకలతోనే కాక ఇప్పుడు ఫాయిల్ పలకలతోనూ దాటుతున్నారు. ఆ విద్యలతో పోలిస్తే ఆమెది తప్పటడుగు. అయినా ఆ పది క్షణాలకు తగిన మూల్యం ఆమె చెల్లించింది కనుక, వాటిని తక్కువగా ఎంచలేదు. ఎక్కువగా చెప్పుకోనూ లేదు.

ఈ రెండు విద్యలలో ఏది గొప్పదని అడగడం సరికాదు. తెడ్డుపలక ముసలివారినీ పసివారినీ, ఈత తప్ప మరేమీ రానివారినీ ఒకేలాగ ఆదరిస్తుంది. తొలిరోజే ఫలం చూపుతుంది. ఖర్చు తక్కువ, గాయాల భయమూ తక్కువే. దానితో నదిలో, చెరువులో, సముద్రంలో ఎక్కడైనా సాగవచ్చు. ఫాయిల్ పలక అంత ఉదారమైనది కాదు. ఓర్పును ముందుగా వసూలు చేసి, ఫలాన్ని వెనుకగా ఇస్తుంది. లోతు నీరు, నిర్జన స్థలం, తగిన రక్షణ సామగ్రి, నేర్పే మనిషి లేనిదే దాని దరికి పోకూడదు. కాని బలహీనమైన అలలో దాగిన శక్తిని వెలికితీయడం, నీటిలో ఉంటూ నీటిని తాకకుండా సాగడం దానికే చెల్లింది. ఒకటి మనిషికి నిలబడడం నేర్పుతుంది, మరొకటి వాలడం నేర్పుతుంది. నిలబడడం తెలిసినవానికే వాలడం కష్టమవుతుందనేది ఈ రెండింటి నడుమ ఉన్న చిత్రమైన బంధుత్వం.

ఆగస్టు మొదట్లో పాఠశాల తెరిచారు. రెండోవారంలో వర్గ సమీకరణాలు మొదలైనాయి. వెనుక బెంచీలో ఒక బాలిక పుస్తకం తెరిచి, పెన్సిలు ఆపి, తల వంచుకొని కూర్చుంది. ఉపాధ్యాయురాలు దగ్గరకు వెళ్ళి చూసింది. రెండుసార్లు కొట్టివేసిన లెక్క, మూడోసారి కూడా అదే చోట అదే తప్పు. పాతికేళ్ళ అలవాటు ఒక మాటను ఆమె పెదవుల దాకా తెచ్చింది. మోకాలి కింద మానిన గాయం ఆ మాటను అక్కడే ఆపింది.

ఆమె ఒక కుర్చీ లాక్కొని ఆ బాలిక పక్కన కూర్చుంది.

"ఎక్కడిదాకా బాగుంది?" అని అడిగింది.

బాలిక తలెత్తి చూసింది. కాసేపటికి పెన్సిలు కొసతో రెండో వరుసను చూపించింది.